వెనక వీధి ఆదివారాలు

పోయిన నెలలో డాక్టరుగారు నా చేతివేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, ఇంతకు ముందు మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ళవాతం ఉండేదా అని హిందీలో అడిగారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఉండేదండీ, మా అత్తగారికి" అని చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపి, "అత్తగారి దగ్గర్నుంచి నగలొస్తాయమ్మా, జబ్బులు రావు" అని నవ్వారు. పక్కన కూర్చున్న మా అమ్మాయీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నెహ్రూ నగర్‌లో మా ఇంటికి వచ్చి చెప్పులు విప్పేదాకా ఆ నవ్వు నా మొహం మీద అతికించినట్టే ఉంది. రక్తసంబంధం లేని మనిషి జబ్బు నాకెలా వస్తుందని ఏ శాస్త్రాన్నడిగినా కొట్టి పారేస్తుంది. కానీ జబ్బు పేరు వినగానే నాకు భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళకు వచ్చిందా అనిపించింది. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అని మా అమ్మ అంటుండేది.

ఆ చేసుకున్నదేమిటో చెప్పాలంటే తొంభైల మధ్యలోకి, సెక్టర్ ఆరులో మాకు కంపెనీ ఇచ్చిన క్వార్టరులోకి వెళ్ళాలి. రెండు గదులు, ముందు జామచెట్టు, వెనక చిన్న పెరడు, పెరటి తలుపు తీస్తే సన్నటి సందు, సందు అవతల వెనక వీధి వాళ్ళ పెరళ్ళు. మావారు ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లులో చేసేవారు. పొద్దున్నే ఆరింటి షిఫ్టుకి సైకిళ్ళు బారులు తీరి వెళ్తుంటే, గడియారంతో పనిలేకుండా ఆ గంటల చప్పుడుకే లేచేవాళ్ళం. మామగారు పోయాక అత్తయ్యను మావారు శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి తీసుకొచ్చేశారు. ఆవిడ ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి చెంబు పట్టుకుని దుర్గ్ స్టేషనులో దిగింది. దిగీదిగగానే చుట్టూ వినిపిస్తున్న హిందీకి చిరాకు పడి, "ఈళ్ళకి మాటలు రావేటి" అని అడిగింది.

మాటల సంగతి ఎలా ఉన్నా చేతులు ఊరుకునేవి కావు ఆవిడవి. ప్లాంటులో పనివాళ్ళకు చేతి తొడుగులిచ్చేవారు, తెల్లటి దళసరి నూలువి. పాతబడినవాటిని మగవాళ్ళు ఇంటికి తెచ్చేవారు. ఆడవాళ్ళు వాటిని ఉడకబెట్టి ఉతికి, మణికట్టు దగ్గర కొస పట్టుకుని లాగి, దారం విప్పి ఉండలు చుట్టేవారు. ఆ దారంతో అల్లని వస్తువు సెక్టర్ ఆరులో లేదు. టీవీకి ముసుగు, కుర్చీకి గౌను, నీళ్ళబిందెకు మూత, చివరికి మా ఎదురింటి బెంగాలీ ఆవిడ కుక్కకు స్వెటరు. అత్తయ్య వచ్చిన నెలకే ఆ విద్య పట్టేసింది. తొడుగు విప్పడంలో ఆవిడంత వేగం వీధిలో ఇంకెవరికీ లేదు. మధ్యలో దారం తెగేది కాదు.

అలాంటి చేతులకు జబ్బు వచ్చింది. మొదట పొద్దున్న పూట వేళ్ళు బిగుసుకునేవి. తర్వాత కణుపులు రేగుపళ్ళంత వాచాయి. మరో ఏడాదికి మోకాళ్ళు పట్టేశాయి. దువ్వెన పట్టుకోలేక జడ వేయమని నా ముందు కూర్చునేది. గ్లాసు రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని తాగేది. చీర కుచ్చెళ్ళు నేనే పెట్టేదాన్ని. ఆవిడ గోడవైపు చూస్తూ నిలబడేది. సాయంత్రం దీపం పెట్టాక ఆవాలనూనె వెచ్చచేసి చేతులకు, మోకాళ్ళకు రాయడం నా పని. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఆరేళ్ళుగా రాస్తున్నాను. ఆ ఆరేళ్ళూ ఒక్క రోజు కూడా విసుక్కోలేదని చెప్పను. విసుగును నూనెలో కలిపి రాసిన రోజులున్నాయి, ఆవిడకది తెలిసేది కూడా. "ఇయ్యాల మెల్లగా రాయమ్మా" అనేది, అంతే.

ఆసుపత్రి మందులున్నాయి. కంపెనీ వాళ్ళిచ్చే మెడికల్ బుక్కు పట్టుకుని వెళ్తే నెలకు సరిపడా మాత్రలిచ్చేవారు. రోజూ ఒక తెల్లది, వారానికొక్కసారి ఒక పసుపుది. వాటికి మించి ఊరందరి మందులూ ఉన్నాయి. కీళ్ళవాతం అని తెలిస్తే చాలు, ప్రతి మనిషీ వైద్యుడైపోతాడు. మెంతులు నానబెట్టి మింగమని ఒకరు, రాగి కడియం వేసుకోమని ఒకరు, వంకాయ ముట్టుకోవద్దని ఒకరు. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ గఠియాకు, అదే కీళ్ళవాతానికి, ఫలానా ఆకు కట్టమని గంపలోంచి తీసి ఇచ్చింది. ఆంధ్రా సంఘం ఆడవాళ్ళయితే పసుపు పేరంటానికి వచ్చి, తాంబూలం కంటే ముందు సలహా ఇచ్చేవారు. మళ్ళీ వచ్చినప్పుడు "ఇంకా తగ్గలేదా" అని అడిగేవారు, వాళ్ళ మాట వినని నేరానికి తగ్గలేదన్నట్టు. అత్తయ్య చేతులు కొంగు కింద దాచుకోవడం అప్పుడే మొదలుపెట్టింది.

వెనక వీధిలో మా పెరటికి ఎదురు పెరటివాళ్ళు క్రైస్తవులు. విజయనగరం వైపు నుంచి ఎప్పుడో వచ్చారు. ఇంటాయన ప్లాంటులో క్రేను నడిపేవారు. ఆవిడను నేను పిన్నిగారూ అనేదాన్ని, అత్తయ్య చెల్లీ అనేది. బొట్టు లేని నుదురు, ఎప్పుడూ లేత రంగు చీర, పెద్ద గొంతు. ఒకరోజు అత్తయ్య పెరటి తలుపు గడియ తియ్యలేక సందులోనే నిలబడిపోతే పిన్నిగారు వచ్చి తీసింది. తీసి ఊరుకోలేదు. అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి, "నొప్పి ఎలాగుంటాది అక్కా, సెప్పు" అని అడిగింది. మా అత్తయ్యకు అప్పటిదాకా మందు చెప్పనివాళ్ళు లేరు గానీ, నొప్పి ఎలా ఉంటుందో చెప్పమన్నవాళ్ళు లేరు. నాతో సహా. ఇద్దరూ ఆ గట్టు మీద పొద్దు వాలేదాకా కూర్చున్నారు. అన్నం వడ్డించి పిలిస్తే అత్తయ్య వచ్చింది, కానీ ఆ పూట కొంగు కింద చేతులు పెట్టుకోలేదు.

పిన్నిగారింట్లో ఆదివారం పొద్దున్న తెలుగువాళ్ళ ప్రార్థన జరిగేది. పదిహేను ఇరవై మంది చాపల మీద కూర్చుని పాడేవారు. అత్తయ్య ఒకసారి చూసొస్తానంది. మావారు "వెళ్ళనీ, టైంపాస్ అవుతుంది" అన్నారు. అలా మొదలైంది. ఆవిడ పొద్దున్నే స్నానం చేసి, మా దేవుడి మూల దీపం పెట్టి, బొట్టు దిద్దించుకుని, సందు దాటి ప్రార్థనకు వెళ్ళేది. ఈ రెంటిలో ఆవిడకు తగాదా ఏమీ కనిపించలేదు. పిన్నిగారికి కనిపించి ఉండాలి, కానీ ఆవిడ మా అత్తయ్య బొట్టు జోలికి ఎప్పుడూ రాలేదు. అక్కడ అందరూ పాటకు చప్పట్లు కొట్టేవారట. మా అత్తయ్య కొట్టలేక, మణికట్టుతో తొడమీద తాళం వేసేదట. ఎవరూ ఎందుకని అడగలేదని, ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది.

మూడు నెలలకు ఆవిడలో మార్పు వచ్చింది. ఇది నేను కళ్ళారా చూసింది కాబట్టి చెబుతున్నాను, నమ్మేవాళ్ళు నమ్మండి. కణుపులు వాచే ఉన్నాయి. మాత్రలు వేసుకుంటూనే ఉంది. కానీ నిద్ర పట్టేది. మూలుగు తగ్గింది. కూరగాయల గంప ఆవిడతో నవ్వుతూ బేరమాడింది, అత్తయ్య తెలుగులో, గంప ఆవిడ ఛత్తీస్‌గఢీలో. ఒకరోజు నూనె రాస్తుంటే, "నిజంగా నొప్పి తగ్గిందా అత్తయ్యా" అని అడిగాను. "నొప్పి అక్కడే ఉందమ్మా, ఎక్కడికీ పోనేదు. గానీ ఇదివరకు దాంతోటి నానొక్కర్తినే ఉండీదాన్ని. ఇప్పుడు తోడున్నాడు" అంది. ఆ తోడెవరని నేను అడగలేదు.

అది విని సంతోషించవలసినదాన్ని కదా. సంతోషించాను కూడా, సగం. మిగతా సగం ఏమిటో నాకే తెలియక, ఆ పూట నూనె త్వరగా రాసేసి లేచిపోయాను. ఆరేళ్ళుగా పక్కనే ఉన్న తోడు నేను కానా అని లోపల ఒక మూల గుచ్చుకుంది. దానికి తోడు ఆంధ్రా సంఘం వాళ్ళు. "మీ అత్తగారు అటు కలిసిపోతున్నారట కదా, రేపు కర్మలు ఎవరి పద్ధతిలో చేస్తారు" అని ఒకావిడ బజారులో బంగాళాదుంపలు ఏరుతూ అడిగింది. మనిషి ఇంకా బతికే ఉంది, వీళ్ళకు కర్మల బెంగ. గట్టిగా జవాబు చెప్పి వచ్చాను గానీ, ఆ మాట నాతో ఇంటికి వచ్చింది.

డిసెంబరులో వాళ్ళ పండగకు ముందు ఆదివారం పిన్నిగారు నన్నూ రమ్మని పిలిచింది. వాళ్ళలో సాక్ష్యం చెప్పడమని ఉంది. దేవుడు తమకు చేసిన మేలు పదిమంది ముందు లేచి చెప్పుకోవాలి. ఆవేళ మా అత్తయ్య లేచి నిలబడింది. నాకు ముందు చెప్పనేలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేతిలో ఒక తెల్లదారం ఉండ ఎత్తి చూపించింది. నాకు తెలియకుండా, మధ్యాహ్నాలు నేను పడుకున్నప్పుడు, పది రోజులు కూర్చుని ఒక తొడుగు మొత్తం విప్పిందట. "ఈ సేతుల్తో గళాసు ఎత్తలేకపోయేదాన్ని. నన్ను ముట్టుకున్నోడు లేడు, నా గోడు ఇన్నోడు లేడు. పెబువు ఇన్నాడు. ఈ ఉండ నానే సుట్టినాను" అంది. అందరూ స్తోత్రం అన్నారు. పిన్నిగారు ఏడ్చింది. నా పక్కనున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

ముట్టుకున్నవాడు లేడా. అప్పటికి రోజుకు అరగంట చొప్పున ఆరేళ్ళు. నా గోళ్ళల్లో ఆవాలనూనె వాసన పుట్టింటికి వెళ్ళినా పోయేది కాదు. ఆవిడ పల్లెటూరి మనిషి, అక్కడ అందరూ చెప్పే మాటల్లోనే తన మాటా చెప్పింది, అందులో నన్ను అనడానికేమీ లేదు. ఈ మాట ఇప్పుడు అరవై దాటాక తెలుస్తోంది. అప్పుడు నాకు ముప్ఫై అయిదేళ్ళు. తోటికోడలి మీద, ఆడబడుచు మీద అసూయ పడ్డ కోడళ్ళను చూశాను. దేవుడి మీద అసూయ పడ్డదాన్ని మాత్రం నన్నొక్కర్తినే చూశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను దుత్తను వదిలేసి, నేరుగా అత్తమీదే చూపించాను.

జనవరి మొదట్లో మాత్రలు అయిపోయాయి. అత్తయ్య ఖాళీ రేకు తెచ్చి చూపించి, "అయిపోయేయమ్మా" అంది. తెస్తానన్నాను. మర్నాడు మెడికల్ బుక్కు సంచీలో పెట్టుకుని బయల్దేరి కూడా, మార్కెట్టు దగ్గరే ఆగి కూరలు కొనుక్కుని వచ్చేశాను. లైను పెద్దదిగా ఉందని చెప్పాను. అసలు లైను చూడనేలేదు. ఆ తర్వాత రోజు చలి అన్నాను. మూడోరోజు ఏమీ అనలేదు, ఆవిడా అడగలేదు. మరిచిపోయానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోవడానికి చూశాను. మరిచిపోలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ, దేవుడే తగ్గించాడుగా, ఈ నాలుగు రోజులూ ఆయన్నే చూసుకోనీ అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను. నాలుగు రోజులు వారమైంది, వారం పదిహేను రోజులైంది. రెండు పసుపు మాత్రలూ తప్పిపోయాయి.

ఆ ఏడు చలి గట్టిగా ఉంది. పదిహేనో రోజు పొద్దున్న ఆవిడ మంచం మీంచి లేవలేకపోయింది. మణికట్లు ఎర్రగా కమిలి, వేళ్ళు ఒకదానికొకటి ఆనకుండా వాచాయి. నేను చెంచాతో కాఫీ పట్టించాను. ఆవిడ నా మొహం చూడకుండా తాగింది. మధ్యాహ్నం మావారు పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చారు. తల్లి చేతులు చూసి మంచం పక్కన అలాగే కూలబడ్డారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "ఇంతలా ఎందుకయింది? మాత్రలు ఏస్కోవట్లేదా" అని అడిగారు. మావారు చెయ్యి చేసుకునే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. కోపం వస్తే మాట్లాడటం మానేస్తారు. ఒకసారి నా పొరపాటువల్ల మా అమ్మాయికి చెయ్యి కాలితే ఇరవై మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఇరవై మూడు రోజులూ ఆ రెండు గదుల ఇంట్లో ఎలా గడిచాయో నాకూ తెలుసు, అత్తయ్యకూ తెలుసు.

భయమేసింది. "పదిహేను రోజుల్నించీ వేసుకోవట్లేదు" అన్నాను. అంతవరకూ నిజమే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ప్రార్థనవాళ్ళు మానెయ్యమన్నారేమో" అని కూడా అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిన్నిగారు ఆ మాట ఎప్పుడూ అనలేదు సరికదా, పసుపు మాత్ర వేసుకునే రోజు ఏదో నాకంటే ఆవిడకే బాగా గుర్తు. "మందిచ్చినోడూ ఆయనే కదా అక్కా, మానకు" అని గట్టు మీద కూర్చుని చెప్పగా నేనే విన్నాను. మావారు పళ్ళెం ముందు కూర్చున్నారు గానీ రెండు ముద్దలకే లేచిపోయారు. "కాసేపు పడుకుని సాయంత్రం వెళ్ళి మాట్లాడతాను వాళ్ళతో" అన్నారు. మా గదులకు మధ్య తలుపు లేదు, తెరే. అవతల మంచం మీద అత్తయ్య కళ్ళు తెరిచే ఉంది.

ఆయన పడుకున్నాక అత్తయ్య లేచింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ పెరటివైపు వెళ్ళింది. నేను పట్టుకోబోతే వద్దంది. "ఎండలో కూకుంటాను" అంది. నేను లోపలే ఉండిపోయాను. ఆవిడ ఎదురుగా కూర్చునే ధైర్యం లేదు నాకు. చాలాసేపటికి తిరిగి వచ్చి మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం మావారు వెనక వీధికి వెళ్ళి అయిదు నిమిషాల్లో వచ్చేశారు. గొడవ జరుగుతుందని పెరట్లో చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. గొడవేమీ లేదు. ఇకమీద మా అమ్మను పిలవకండి, మందులు మానిపించేవాళ్ళ దగ్గరికి పంపలేం అన్నారట ఈయన. పిన్నిగారు "అలాగే బాబూ" అందట. "కాదని కూడా అనలేదు చూడు" అని మావారు నాతో అన్నారు. ఆయన దృష్టిలో తప్పు రుజువైపోయింది. మర్నాడే ఆయన సెలవు పెట్టి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మాత్రలు తెచ్చారు, నెల తిరిగేసరికి వాపు దిగింది. ఆదివారాలు మాత్రం ఆగిపోయాయి. అత్తయ్య కొడుకుని బతిమాలలేదు, కారణం అడగలేదు. మాత్రలెందుకు లేవో ఆ ఇంట్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, నా బండారం బయటపడేది. అనలేదు.

ఫిబ్రవరి, మార్చి ఆదివారాలు నాకు నరకంలా గడిచాయి. పొద్దున్నే వెనక వీధిలో పాట మొదలయ్యేది. అత్తయ్య పెరట్లో ఎండపొడలో పీట వేసుకుని కూర్చునేది. సందు అవతల చప్పట్లు, ఇవతల ఆవిడ మణికట్టు తొడమీద. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ పోపు మాడ్చేదాన్ని. ఆవిడకు దొరికిన ఒక్క ఊరటనూ నా నోటితో నేనే తీసేశాను. సందు వెడల్పు ఆరడుగులు ఉంటుంది. వెళ్ళి మావారితో ఒక్క మాట చెబితే ఆవిడ ఆ ఆరడుగులూ దాటేది. ఈ ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ, శనివారం దాకా చాలా నిజాయితీగా ఉండేదాన్ని.

ఏప్రిల్ ఆఖరున పిన్నిగారి భర్త రిటైరయ్యారు. మా టౌన్‌షిప్పులో రిటైరైన మనిషిని తోటివాళ్ళు దండలు వేసి, బ్యాండు వాయించుకుంటూ ఊరేగింపుగా ఇంటికి తెచ్చి దింపుతారు. ఆయన మెడనిండా బంతిపూల దండలతో, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ జీపు దిగారు. క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు వెళ్ళిపోతున్నారని తెలిసింది. వెళ్ళేముందు పిన్నిగారు మా ఇంటికి వచ్చింది. వెళ్ళే ముత్తయిదువకు బొట్టుపెట్టి పంపడం మా అలవాటు. కంగారులో కుంకుమభరిణె తెరిచి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ నవ్వి, పళ్ళెంలోంచి జాకెట్టుగుడ్డ, రెండు అరటిపళ్ళు తీసుకుని, "ఇయ్యి చాలమ్మా" అంది. తర్వాత అత్తయ్య చేతులు తన చేతుల్లోకి తీసుకుని, మా గోడమీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు కిందే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అత్తయ్య చివర్న ఆమెన్ అంది. ఇద్దరూ ఏడవలేదు.

పెరటి దారిన సాగనంపడానికి నేను వెళ్ళాను. సందులో నిలబెట్టి, "పిన్నిగారూ, ఆ మాత్రలు..." అని మొదలుపెట్టాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "తెలుసమ్మా. మీ ఆయన వచ్చిన రోజే, ఆయన కంటే ముందే మీ అత్తగారొచ్చి సెప్పేరు. ఆ కాళ్ళేసుకుని ఎలా వచ్చేరో. 'మాత్రలు మా కోడలు తేనేదు చెల్లీ. సిన్నది, ఏదో మనసులో పెట్టుకుంది. మా వోడు నీ మీదకొస్తాడు. నువ్వు కాదనకు. కాదన్నావంటే దాని మీదకెళ్తాడు, మళ్ళీ నెల్లాళ్ళు దాంతో మాటాడడు' అన్నారు. నాను అబద్ధం ఆడలేదమ్మా. కాదనలేదు, అంతే" అంది. "మరి ఆవిడ ఆదివారాలో" అన్నాను. "అదీ అడిగేను. 'నాకు పెబువు పెరట్లో కూడా ఇనపడతాడు. దానికి ఎవులున్నారు' అన్నారు" అంది పిన్నిగారు. వెళ్తూ వెళ్తూ, "నాకు సెప్పేవు, మంచిదే. ఆవిడతో కూడా సెప్పీసుకో. తేలికవుతావు" అంది.

ఆ వారమే మావారితో, అత్తయ్యను పక్క ఊరు కుమ్హారిలో జరిగే తెలుగువాళ్ళ ప్రార్థనకు తీసుకెళ్తానన్నాను. ఆయన వింతగా చూశారు గానీ ఒప్పుకున్నారు. కారణం అడిగితే చెబుదామనే అనుకున్నాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మూడు ఆదివారాలు టెంపోలో తీసుకెళ్ళాను. ఆ కుదుపులకు ఆవిడ మోకాళ్ళు వాచిపోయాయి. నాలుగో ఆదివారం, "వొద్దులే అమ్మా, నీకు శ్రమ" అంది. పిన్నిగారి క్వార్టరులోకి వేరేవాళ్ళు దిగి, ఆ పెరట్లో వడియాలు ఎండబెట్టుకున్నారు. వెనక వీధిలో పాట లేకపోయినా అత్తయ్య ఆదివారం పొద్దున్న పీట వేసుకుని కూర్చోవడం మానలేదు. తనే సన్నగా పాడుకునేది. చరణాలు మరిచిపోతే సాగదీసేది. నేను పని ఆపి పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను. అప్పుడు ఆవిడ మొహంలో ఉండే నెమ్మది నిజమైనదని, అది నా నూనెవల్ల వచ్చింది కాదని, అందుకు నేను బాధపడనక్కర్లేదని అప్పటికి తెలిసింది.

చెప్పుకోవడానికి ఒక్కసారి ప్రయత్నించాను. వానాకాలం సాయంత్రం, కరెంటు పోయింది, నూనె రాస్తున్నాను. "అత్తయ్యా, అప్పుడా మాత్రలు..." అన్నాను. నా గొంతులో ఏం విందో గానీ, "మాత్రలున్నాయి కదమ్మా. ఇంకా పదకొండున్నాయి" అంది. అర్థం కాక అందో, అర్థమయ్యే అందో చీకట్లో మొహం కనిపించలేదు. నేను తప్పించుకోవడానికి ఆవిడ దారి ఇచ్చింది. నేను ఆ దారినే పోయాను. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. మూడేళ్ళంటే ఎన్ని సాయంత్రాలో మీరే లెక్క వేసుకోండి. ప్రతి సాయంత్రం ఆ చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి. రెండువేల సంవత్సరం రాకముందే, నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. ఆఖరిరోజు తెలివిలో ఉన్నంతసేపూ, మణికట్టు దుప్పటి మీద మెల్లగా ఆడుతూనే ఉంది. కర్మలు మా పద్ధతిలోనే చేశాం. బజారులో అడిగినావిడ కూడా వచ్చి భోంచేసి వెళ్ళింది.

మావారికి మాత్రం ఆయన రిటైరయ్యాక, ఈ ఇంట్లోకి వచ్చాక చెప్పాను. అనుకున్నట్టే మాట్లాడటం మానేశారు, కానీ రెండు రోజులే. మూడోరోజు కాఫీ తాగుతూ, "చెప్పాల్సింది నాకు కాదు కదా" అన్నారు. అవును, ఆయనకు కాదు. ఆవిడ నన్ను ఎప్పుడో క్షమించేసిందని ఆయన అంటారు. క్షమించిందని నాకూ తెలుసు. అడక్కముందే క్షమించింది కాబట్టే, అడగడం రేపటికి వాయిదా వేసుకుంటూ పోయాను. ఆవిడ పోయి పాతికేళ్ళు దాటింది. నా పెళ్ళి, పిల్లల చదువులు, ఆయన ఉద్యోగం, సెక్టర్ ఆరులో కాపురం అన్నీ గడిచిపోయాయి గానీ, మందుల లైను దాకా వెళ్ళకుండా కూరలు కొనుక్కుని తిరిగొచ్చిన ఆ పదిహేను రోజులు మాత్రం నాకింకా గడవలేదు.